డ్రాప్‌డౌన్‌లో దొరకని చింతూరు

యాప్ రాసేవాడికి లోకం ఎలా ఉంటుందో ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహకూ లోకానికీ పొంతన కుదరని చోట పుట్టేదాన్ని బగ్ అంటారు. దాన్ని వదిలించుకునే మార్గాలు రెండు: ఊహను సవరించడం, లోకాన్ని సవరించడం. మొదటిది ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో ఉంది. రెండోది ఆచరణలో ఉంది.

రెండో పద్ధతి ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూడాలంటే చింతూరు వెళ్ళాలి. శబరి ఒడ్డున, మూడు రాష్ట్రాలు కలిసేచోటికి కూతవేటులో ఉంటుంది. అటు పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కొంట, ఇటు పోతే ఒడిశాలోని మోటు. ఊరు ఇక్కడే ఉంది, జిల్లాలే బస్సుల్లా వచ్చి ఎక్కించుకుని పోతుంటాయి. భద్రాచలం డివిజన్‌తో పాటు 1959 దాకా తూర్పు గోదావరి. ఆ ఏడాది నుంచి ఖమ్మం. పోలవరం ముంపు మండలమైనందుకు 2014లో మళ్ళీ తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. 2025 నవంబరులో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా అన్న ప్రతిపాదన బయటికొచ్చింది.

ప్రోగ్రామర్ చేసే మొదటి తప్పు ఇక్కడే మొదలవుతుంది. జిల్లాల పేర్లు శాశ్వతమని నమ్మి, వాటిని కోడ్‌లోనే రాసేస్తాడు. పుస్తకం చెప్పేది వేరు: పేర్లను కోడ్ బయట ఒక పట్టికలో పెట్టాలి, ఏ పేరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో పక్కనే రాయాలి, ఊరిని పేరుతో కాక మారని సంఖ్యతో గుర్తించాలి. ఆ సంఖ్యలు కూడా ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక సంస్థల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒకటి ఉంది. పట్టిక రాయడం ఒక పూట పని. కానీ పూట ఖర్చు కంపెనీది, తిప్పలు జనానివి. కాబట్టి ఒక యాప్‌లో 13 జిల్లాలు, ఇంకోదాంట్లో 26 కనిపిస్తూనే ఉంటాయి. దరఖాస్తు నింపే చోట పక్క సీటు నుంచి సలహా వస్తుంది: “తూర్పు గోదావరి నొక్కు, తీసుకుంటుంది.” తీసుకుంటుంది కూడా. ఆ విధంగా ఒకే మనిషి మూడు జిల్లాల్లో నివాసి అవుతాడు, ఏ జిల్లాలోనూ లబ్ధిదారు కాడు.

పిన్‌కోడ్‌ది ఇంకో తమాషా. ఈ ప్రాంతపు పిన్‌కోడ్ ఖమ్మం రోజుల నాటిది, 507తో మొదలవుతుంది. మొదటి రెండంకెలు 50 అయితే తెలంగాణ అని కోడ్‌లో ఒక వరుస ఉంటుంది. పిన్ కొట్టగానే రాష్ట్రం గడి తనంతట తానే నిండిపోయి, దిద్దడానికి వీల్లేకుండా బూడిదరంగులోకి మారుతుంది. ఆధార్ ఆంధ్రప్రదేశ్ అంటుంది, యాప్ తెలంగాణ అంటుంది, తెర మీద “వివరాలు సరిపోలడం లేదు” అని ఎర్రక్షరాలు. పిన్ అనేది ఉత్తరం నడిచే దారి, రాష్ట్రం సరిహద్దు కాదు. ఊహించి నింపిన గడిని దిద్దుకోనివ్వాలన్నది ఫారాలు తయారుచేసేవాళ్ళకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. వాడుకలో ఉన్న పరిష్కారం మాత్రం రాజమండ్రి వైపు చుట్టాల పిన్ ఇవ్వడం. అప్పటినుంచి పింఛను సంగతి తేలుతుందో లేదో గానీ, ఉత్తరాలు చుట్టాలింటికి చేరతాయి.

ఇక పేరు. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందుంటుంది. ఫారం మాత్రం మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అడుగుతుంది. మూడు గళ్ళకూ ఎర్ర చుక్కలు, అంటే తప్పనిసరి. మధ్య పేరు లేనివాళ్ళు చుక్క పెడితే చాలదు, “అక్షరాలు మాత్రమే” అంటుంది. పూర్తి పేరుకు ఒకే గడి పెడితే గొడవంతా పోతుంది. అది మరీ తేలిక పని కావడం వల్లనో ఏమో, ఎవరికీ తోచదు. మన్యంలో దీనికి ఇంకో ముడి కూడా ఉంది. కోయ ఊళ్ళలో ఇంటిపేర్లు కొన్నే. మడకం, సోడె, కుంజా అంటూ ఊరంతా రెండు మూడు ఇంటిపేర్ల కింద సర్దుకుంటుంది. పుట్టిన ఏడాది మాత్రమే తెలిసినవాళ్ళకు ఆధార్‌లో జనవరి 1 పడుతుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరు కనిపించగానే, మోసం పట్టే కోడ్ మహా ఉత్సాహంగా రెండోవాడిని నకిలీ అని తేలుస్తుంది. మనిషిని పేరుతో గుర్తుపట్టకూడదని, ప్రతి రికార్డుకూ సొంత సంఖ్య ఇవ్వాలని డేటాబేస్ పాఠం మొదటి వారంలోనే చెబుతారు. ఆ వారం సెలవు పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు.

పేరు తెలుగులో రాస్తే ఏమవుతుందన్నది విడిగా చూడాల్సిన విషయం. కంప్యూటర్‌కు “చింతూరు” మూడక్షరాలు కాదు. చ, గుడి, సున్న, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము: మొత్తం ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటీ మూడు బైట్లు, వెరసి 21. ఊరి పేరుకు 20 బైట్లు చాలని ఎక్కడో ఒక ఇంజనీరు లెక్క కట్టాడనుకుందాం. ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటే కాబట్టి అతని లెక్క అతనికి ధారాళమే. 21వ బైటు దగ్గర కత్తెర పడుతుంది, “చింతూర” మిగులుతుంది, చివర్లో సగం తెగిన కొమ్ము స్థానంలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం. “స్త్రీ” అనే ఒక్క అక్షరానికే 18 బైట్లు పోతాయి. నిడివిని బైట్లలో కాక కంటికి కనిపించే అక్షరాల్లో కొలవాలి, లేదా గడిని పెద్దది చేయాలి. నిల్వ ఇప్పుడు అంత ప్రియమైందేమీ కాదు. అయినా తెలుగు దగ్గర తడబడడం బీద కంపెనీలకే పరిమితం కాదు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అనే కూర్పు ఒకటి సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. పూర్తి జ్ఞానం కూడా కాదు, అందులో మొదటి అక్షరానికే.

ఖాళీ గడి సంగతి క్లుప్తంగా. “ఏమీ లేదు” అని చెప్పే నల్ అనే ఏర్పాటును 1965లో టోనీ హోర్ ప్రవేశపెట్టాడు, 2009లో అదే తన వంద కోట్ల డాలర్ల పొరపాటని ఒప్పుకున్నాడు. లేనిదాన్ని ఉందనుకుని తెరవబోతే ప్రోగ్రామ్ చస్తుంది. చావకుండా ఉండాలంటే, లేకపోతే ఏం చేయాలో ముందే రాసుకోవాలి. అది రాసే ఓపిక లేనివాళ్ళు గడిని తప్పనిసరి చేస్తారు. అప్పుడు ఫోన్ లేని అవ్వకు పది తొమ్మిదులు నంబరవుతాయి, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ జీమెయిల్ ఊరందరి జీమెయిల్ అవుతుంది.

సిగ్నల్ దగ్గర పుస్తకానికీ ఆచరణకూ దూరం మరీ ఎక్కువ. యాప్‌లో తెరను నడిపే దారం ఒకటి ఉంటుంది, వేలు తగిలితే పలికేది అదే. సర్వర్ జవాబు కోసం దాన్నే కాపలా కూర్చోబెడితే తెర బిగుసుకుపోతుంది. అయిదు సెకన్లు పలక్కపోతే ఆండ్రాయిడ్ “యాప్ స్పందించడం లేదు” అని చాటింపు వేస్తుంది. విండోస్ కూడా దాదాపు అంతే ఓపిక పట్టి కిటికీని తెల్లబరుస్తుంది. బరువు పనిని వెనక దారానికి అప్పగించాలన్నది అందరికీ తెలిసిన మందు. అది వేసినచోట తెర బిగియదు, దాని బదులు గుండ్రం తిరుగుతుంది. కౌంటర్ ముందు జనం ఆ గుండ్రాన్ని చూస్తూ నిలబడతారు. “సర్వర్ రాలేదమ్మా, రేపు రా” అంటాడు లోపలి అబ్బాయి. రేపు రావడమంటే ఆ అమ్మకు ఒక రోజు కూలి, ఆటో చార్జీ. ఈ ఖర్చు ఏ ప్రాజెక్టు అంచనాలోనూ కనిపించదు.

గుండ్రం తిరుగుతుండగా సబ్మిట్ మళ్ళీ నొక్కడం మానవ స్వభావం. మొదటి నొక్కుడు నిజానికి చేరింది, జవాబే తిరిగి రాలేదు. మూడుసార్లు నొక్కితే మూడు దరఖాస్తులు. ప్రతి దరఖాస్తుకూ ఫోన్‌లోనే ఒక సంఖ్య వేసి పంపితే, అదే సంఖ్య మళ్ళీ వచ్చినప్పుడు సర్వర్ ఊరుకుంటుంది. బ్యాంకు లావాదేవీలు ఈ జాగ్రత్త మీదే నడుస్తున్నాయి. దీనికన్నా మేలైనది, సిగ్నల్ లేదన్న లెక్కతోనే యాప్ కట్టడం: వివరాలు ముందు ఫోన్‌లోనే దాచాలి, సిగ్నల్ తగిలినప్పుడు వాటంతటవే పోవాలి. దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే బుల్లి డేటాబేస్ 2000 నుంచీ ఉంది, ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది, ఉచితం. దాన్ని వాడుకోని చోట గట్టెక్కే బాధ్యత అంగన్‌వాడీ టీచర్‌ది. అక్షరాలా గుట్ట ఎక్కి, ఫోన్ పైకెత్తి పట్టుకుంటుంది. ఆన్‌లైన్ హాజరు గుట్టమీద, పిల్లలు గుట్టకింద.

గుట్ట ఎక్కినా లొకేషన్ దొరకాలి. డేటా ఉన్న ఫోన్‌కు ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి క్షణాల్లో అందుతాయి. లేనిదానికి ఉపగ్రహం నుంచే చుక్కచుక్కగా దిగాలి. మొత్తం పంచాంగం దిగడానికి 12 నిమిషాల 30 సెకన్లు పడుతుంది, అదీ వెదురు గుబురు అడ్డం రాకుండా ఆకాశం కనిపిస్తే. పది సెకన్లకే “లొకేషన్ దొరకలేదు” అని చేతులెత్తేసే యాప్‌కు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఉపాధి హామీ హాజరుకు 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్ తప్పనిసరైంది. రోజుకు రెండు ఫోటోలు, వాటికి స్థలం, సమయం ముద్ర. కాగితం మస్టర్‌లో దొంగ సంతకాలు పోతాయని ఆశ. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో కొత్త విద్యల జాబితా ఇచ్చింది: పనికి సంబంధంలేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటో, ఒకే ముఖాలు వేర్వేరు మస్టర్లలో, ఆడవాళ్ళ మస్టర్‌కు మగవాళ్ళ బొమ్మ. ఫోటో తీశారా అని అడిగే కోడ్ అప్పటికి ఉంది, ఫోటోలో ఏముందని అడిగేది లేదు. మందుగా, గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ మనుషులే కళ్ళతో చూడాలన్నారు. కాగితం పోయింది, కాగితం చూసే పని మిగిలింది.

ఇవన్నీ ముందే పట్టుకునే ఉపాయం పరీక్ష. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో నెట్‌ను పాత ఎడ్జ్ వేగానికి తగ్గించే మీట ఉంది, నెట్ పూర్తిగా తీసేసే మీటా ఉంది. మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని శబరి లోయను అనుభవించవచ్చు, దారి ఖర్చు లేకుండా. ఆ మీట నొక్కితే విడుదల తేదీ తప్పుతుంది కనుక ఎవరూ నొక్కరు. “నా దగ్గర పనిచేస్తోంది” అన్నది పరీక్ష ఫలితంగా నమోదవుతుంది.

చివరకు తప్పును సరిదిద్దిన కొత్త వెర్షన్ వస్తుంది. పాతది ఆ రోజు నుంచి తెరుచుకోదు. కొత్తది దించుకోవడానికి గట్టి సిగ్నల్ కావాలి, ఫోన్‌లో చోటు కావాలి, ఆండ్రాయిడ్ కూడా కొత్తదై ఉండాలి. “మీ పరికరానికి ఈ యాప్ అనుకూలం కాదు” అని వస్తే మిగిలిన పరిష్కారం కొత్త ఫోన్. దాని డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది ప్రోగ్రామింగ్ పరిధిలోకి రాదు.