పించను పుచ్చుకొన్న శిష్యుడు

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యొకడు యదుమహారాజునకు తన 24 మంది గురువులను పేరుపేరున చెప్పుచు, మానావమానములు పట్టనివాడును, ఇల్లువాకిళ్ళ చింత యెఱుగనివాడును అగు బాలుని గూడ వారిలో నొకనిగా చేర్చెను. ఆ వరుసలోనే కొండచిలువయు కలదు. దొరకినది మ్రింగి, దొరకనిదానికై కదలక పడియుండుట దాని యుపదేశము. మన వీధులలోని పించను తాతగారలు ఉద్యోగవిరమణదినము మొదలు ఈ రెండవ గురువును పడకకుర్చీయందు నిష్ఠతో సేవించుచు, నలుగురిలో చెప్పుకొనుటకు మాత్రము మొదటి గురువును వాడుకొందురు.

నేనెఱిగిన తాతగారొకరు ఈ జాతికి మచ్చుతునక. ముప్పది యేండ్లు ప్రధానోపాధ్యాయత్వము నెఱపి, గోడకుర్చీ వేయింపనిదే యే బాలునకును ఎక్కము రాదని నమ్మి, తాలూకాలో సగము మంది మోకాళ్ళకు తన హస్తవాసి చూపిన ఆ మహానుభావుడు, కూతురు బిడ్డకు నాలుగవయేడు వచ్చిన నాటినుండి, "పిల్లలకు మనం నేర్పడం కాదండీ, పిల్లల దగ్గర మనమే నేర్చుకోవాలి" అని వచ్చినవారినెల్ల కూర్చుండబెట్టి బోధింప నారంభించెను. 1939లో మాంటిసోరీ అమ్మగారు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన సంగతి ఆయన యానాడును ఎఱుగును. కాని యానాడు చేతిలో బెత్తముండెను.

ఒకనాటి సాయంకాలము మనుమరాలు పొరుగింటి కుఱ్ఱవానితో చింతపిక్కల పంపకమున కలహించి, వాని జుట్టు పట్టి వంచి, "ఫో, నీ జట్టు కటీఫ్" అని అరుగు దిగిపోయి, లోపలినుండి మరమరాలు వచ్చుసరికి మరల వానితోనే ఒక పళ్ళెమున చేయి పెట్టెను. తాతగారి కన్నులు చెమర్చినవి. "చూశారా! పసివాళ్ళ కోపం ఎంతసేపు? మనమో, పగలు మోసుకుంటూ కాటిదాకా నడుస్తాం" అని అనర్గళముగ సెలవిచ్చి, దృష్టాంతము కొఱకు వెదకి, తోడల్లుని ప్రసంగము నెత్తుకొనెను. విరోధినామసంవత్సర వైశాఖ శుద్ధ దశమినాడు, ఆ తోడల్లుని పెద్దకూతురి పెండ్లిలో, ఈయనను రెండవ బంతిని కూర్చుండబెట్టిరట. బూరెలు చల్లారి వచ్చెనట. నేయి అసలే రాలేదట. విస్తరికి చిల్లియుండి పులుసు పంచెమీదికి పాఱెనట. వడ్డించినవాని కండువా అంచు పచ్చనిదట. (ఈ కథ నేను పూర్వము వినినపుడు బూరెలు వేడిగనే యుండెను.) "అలాంటివి మనసులో పెట్టుకోకూడదండీ, పసిపిల్లల్లా మరిచిపోవాలి" అని ఆయన ముగించునప్పటికి దీపములు పెట్టువేళ దాటెను.

ఆయన యేమియు నేర్వలేదనుట అన్యాయము. పాయసపు గిన్నెను తనవైపు జరుపుకొనుట, స్నానమునకు పిలిచిన వినబడనట్లుండుట, అడిగినది లేదన్న ముఖము ముడుచుకొని భోజనము మానుట మొదలగు విద్యలలో గురువును మించినాడని వారి యిల్లాలు సాక్ష్యమిచ్చెను.

పసివారి జిజ్ఞాసను గూర్చియు ఆయన ప్రశంసకు మేరలేదు. చందమామ మన వెంట నడచునేల, చీమకు చెవులున్నవా యని పిల్ల యడిగినంతసేపు, ప్రశ్నయే విద్యకు మొదలని మురిసెను. అంతలో నామె, "తాతయ్యా, చిన్నతాతయ్యగారింటికి నువ్వెందుకు రావు?" అనెను.

"పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకే?"

"ఎందుకో చెప్పవూ?"

మూడవ 'ఎందుకు'నకు ముప్పది యేండ్ల యలవాటు ఆయన నోట తానై వెలువడెను: "గోడకుర్చీ వెయ్యి!" పిల్ల యది క్రొత్త ఆట యనుకొని, "ఎలా వెయ్యాలో చూపించు తాతయ్యా!" అని చప్పట్లు చఱచెను. అతిథుల యెదుట గురువాక్య ముల్లంఘింపరాదు గదా. తాతగారు పంచె యెగగట్టి, గోడకు వీపానించి, మోకాళ్ళు వంచిరి. మరల లేచుట మాత్రము స్వశక్తిచే కాలేదు. ఇరువురము చెఱియొక రెక్క పట్టి లేవదీసి పడకకుర్చీలో చేర్చితిమి. ఆయాసము తీఱకమునుపే, రాబోవు ఆదివారము గ్రంథాలయమున "బాలుడే గురువు" అను విషయముపై తాను ప్రసంగింపనున్నాననియు, మేమందఱము తప్పక రావలెననియు, అధ్యక్షస్థానమునకు తోడల్లుని పేరు ఎవరైన నెత్తినచో తాను మాత్రము రాననియు ఆయన స్పష్టపఱచెను.