వేదిక మీది విశేషులు

అమెరికా దేశమున, మసాచుసెట్స్ రాష్ట్రమందలి వెల్స్‌లీ యను సంపన్న పట్టణమున, 2012వ సంవత్సరము జూన్ మాసమున, డేవిడ్ మెకల్లో జూనియర్ అను ఆంగ్లోపాధ్యాయు డొకడు, హైస్కూలు చదువు ముగించి గౌనులు ధరించి యెదుట గూర్చున్న బాలబాలికల నుద్దేశించి, మీ రెవ్వరును విశేషవ్యక్తులు కారని నిర్మొహమాటముగా వక్కాణించెను. దేశమున 37,000కు పైగా హైస్కూళ్లున్నవి గనుక తరగతికి ప్రథములైనవారే 37,000 మంది యుందురని లెక్కగట్టియు జూపెను. పుట్టినది మొదలు నీయంతవాడు లేడను మాటయే వినుచు, పరుగుపందెమున కడపట వచ్చినను పతకము పుచ్చుకొనుచు బెరిగిన పిల్లలకు ఆ పలుకు క్రొత్తది గావున లోకమెల్ల చెవియొగ్గెను. ఉపన్యాసమును ఇంటర్నెట్టులో లక్షలాది జనులు చూచిరి. 2014లో ఆ పలుకే శీర్షికగా గ్రంథమును వెలువడెను. ఎవ్వరును విశేషులు కారని చెప్పినందులకు చెప్పినవాడు మాత్రము విశేషుడై కూర్చుండెను. (ఆయన తండ్రి రెండు పులిట్జరు బహుమానములు పొందిన చరిత్రకారుడు. అట్టి యింట బెరిగినవానికి ఆ తత్త్వము చిన్ననాడే బోధపడియుండునని నా యనుమానము.)

ఈ హితోపదేశమును మన తెలుగునాటను జేయింపవలెనని కుతూహలపడు మిత్రులు కొందరు కలరు. పాపము, వారికి మన జూనియర్ కాలేజీల సంగతి తెలియదు. ఇచ్చట ఆ ముక్క చెప్పుటకు చదువు ముగియుదాక నాగు నలవాటు లేదు. ఆదివారము పరీక్ష వ్రాయించి, మఱునాడు మార్కుల పట్టీని గోడకంటించి, నాలుగు మార్కులు తగ్గిన కుఱ్ఱవానిని స్టార్ బ్యాచి నుండి క్రింది సెక్షనుకు పుస్తకముల సంచితో సహా సాగనంపు క్రతువు వారమువారము జరుగుచునే యుండును. తెల్లవారుజామున స్టడీ అవరులో కునికిపాట్లు పడుచున్న వానిని తట్టిలేపి, నాయనా, నీవు విశేషుడవు కావని చెప్పబోవు మహాశయుడు, వానలో నిలువునా తడియుచున్నవానికి గొడుగు లేదని తెలుపువాని వంటివాడు.

ఇక ఫలితములు వచ్చిన మఱునాటి పత్రిక చూడుడు. మొదటి పుట సాంతము కాలేజీ ప్రకటనయే. 470కి 467, 467, 466; బొటనవ్రేలు మోపిన మఱుగుపడు ముఖములు, అన్ని మెడలకును ఒకే రంగు టై, పేరు కంటె లావుపాటి యక్షరములలో అంకె. పత్రికను మూరెడు దూరము జరిపినచో తన బిడ్డ యెవడో పోల్చుకొనుట కన్నతల్లికిని దుర్ఘటము. గది యావలి నుండియు స్పష్టముగా నగపడు ముఖ మొక్కటి కలదు. అది యే పరీక్షయు వ్రాయని చైర్మన్ గారిది.

ఉపన్యాసము మంచిదే, శ్రోతలే తాఱుమాఱైరి. వేదిక మీద శాలువలు కప్పుకొని యాసీనులైనవారి వైపునకు మైకు త్రిప్పవలెను. ఇది నేను కల్పించిన విపరీతము గాదు. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించిన శిష్యునకు ఆచార్యుడు చేయు నుపదేశమును మన స్నాతకోత్సవములందు గంభీరముగా జదువుట కలదు. అందు శిష్యుడు విశేషుడా కాడా యను ప్రసక్తియే లేదు. మా నడవడిలో మంచి యేదియో దానినే గైకొనుము, తక్కినదాని జోలికి బోకుమని గురువు తన్ను గూర్చి తానే హెచ్చరించెను.

అట్టి సభకు చైర్మన్ గార లేల వత్తురని మీరు సందేహింప నక్కఱలేదు. ముందు వరుసలో సోఫాయు, మెడలో దండయు, మఱునాటి పత్రికలో ఫొటోయు గలవని చెప్పిన జాలును. ఏమి యుపన్యాసమని యడుగువా రెవ్వరు?