లాన్ గారి దర్బారు

హైదరాబాద్‌లో ఏ పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా ముందుగా దర్శనమిచ్చేది లాన్ గారు. 'గారు' అనక తప్పదు. ఆయన మీద పెద్దలు నడవరాదు, పిల్లలు బంతి ఆడరాదు. పోనీ పశువుకు మేతా అంటే, అదీ కాదు. మే నెలలో ఫ్లాట్లకు నీళ్లు గంట లెక్కన వదులుతారు గానీ, ఆయన స్నానానికి లోటు రానివ్వరు. మండుటెండల్లో గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు ఇంచుమించు 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే చదరపు మీటరుకు 5 లీటర్లు. వెయ్యి చదరపు మీటర్ల లాన్ రోజూ 5,000 లీటర్ల ట్యాంకరు తాగేసి మూతి తుడుచుకుంటుంది.

ఏడాది పొడుగునా సన్నజల్లు పడే ఇంగ్లండ్‌లో పుట్టిన మోజిది. దొరలు తమ బంగళాల ముందు పరిపించుకున్నారు. వాళ్లు వెళ్లిపోయారు, వాళ్ల గడ్డికి మనం ఊడిగం చేస్తున్నాం.

ఆ జాగాలో మన నేల మొక్కలు వేద్దామని మీటింగులో ఎవరైనా నోరు జారితే, "పిచ్చి మొక్కలా? పాములొస్తాయండీ!" పాము వచ్చేది ఎలుక కోసం. ఎలుక వచ్చేది సెల్లారు మూలన మనం పోసే చెత్త కోసం. తంగేడు పూలు చూసి మురిసిపోదామని వచ్చిన పాము ఇంతవరకూ లేదు.

ఆ తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు మోపుల కోసం బేరాలాడతాం. ఏడాదంతా మాలి చేత ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త పీకించి, వినాయక చవితికి ముందురోజు రోడ్డు పక్కన కారాపి అదే పత్రి కట్టకట్టలుగా కొంటాం. ఇక మూలన మొలిచిన గరికను పీకించి, నర్సరీ నుంచి చాపలు చాపలుగా తెచ్చి పరిచే బెర్ముడా గడ్డి ఏమిటనుకున్నారు? గరిక జాతే! ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లపురుగులు జిల్లేడు ఆకు తిని పెరుగుతాయి. జిల్లేడు మనకు పనికిరాదు, క్లబ్‌హౌస్ గోడ మీద సీతాకోకచిలుక బొమ్మ మాత్రం కావాలి. (రేపు ఇదే జిల్లేడును కుండీలో పెట్టి 'నేటివ్ గార్డెన్ ప్యాకేజీ' అంటే, క్యూలో ముందుండేదీ మనమే.)

కమిటీ పెద్దలకు మనవి: పిల్లలు ఆడుకునేంత మేర గడ్డి ఉంచి, వాళ్లను దాని మీదికి వదలండి. మిగతా చోట తొలకరి పడగానే తంగేడు, వావిలి, నందివర్ధనం నాటండి. వేళ్లు పట్టేదాకా నీళ్లు పోయండి. ఆ తర్వాత మిమ్మల్ని తిట్టుకునేది ట్యాంకరువాడొక్కడే.