నేను తిరిగే వేగం

నేను రికార్డు ప్లేయర్‌ని. పుట్టింది ఇంగ్లండులో, స్విండన్‌లోని గ్యారార్డ్ కంపెనీలో. కాపురం మాత్రం రాజమండ్రి ఇన్నీసుపేటలో, ఒక లెక్కల మాస్టారింట్లో. నా మోటారుకీ పళ్లేనికీ మధ్య చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. మోటారు దాన్ని తిప్పితే, అది పళ్లెం లోపలి అంచుకు ఆనుకుని నన్ను తిప్పుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు. నాకు పరువంటూ ఉంటే ఆ వేగంలోనే ఉంది.

మాస్టారికి ఇష్టమైనవి రెండు: శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గాత్రం, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ. ఇద్దరూ మన ఉమ్మడి జిల్లావాళ్లేనని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. రికార్డు చిటపటలాడినా ఆయనకు పట్టదు. ముల్లు లోపలి చుట్లకు చేరేకొద్దీ దాని కింద గాడి నెమ్మదిస్తుంది, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. దానికీ ఏమీ అనరు. శ్రుతి జారిందా, పడక్కుర్చీలోంచి లేచి వస్తారు. వేసవి సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయి నా మోటారు నీరసిస్తే, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని తేడా చూసేవారు. వేగం నూటికి ఆరు వంతులు తగ్గిందంటే రెండు శ్రుతిలో పాడిన కచేరీ ఒకటిన్నరకు దిగిపోతుంది. గొంతూ బరువెక్కుతుంది, నడకా కుంటుతుంది.

సంక్రాంతికి మనవడు హైదరాబాదు నుంచి కొత్త ఆంప్లిఫయరు, కొలతలకు ఒక మైకు తెచ్చాడు. లాప్‌టాప్‌లో గ్రాఫు గీశాడు. పదివేల హెర్ట్జ్ దాటాక నా గీత జారుడుబండలా పడిపోయింది.

"సగం సంగీతం పోతోంది తాతయ్యా!"

"పోయిందేమిట్రా? మీటు వినపడుతోంది, గమకం వినపడుతోంది. తీగ నిలబడ్డచోట వణుకుతోంది, అది చూడు ముందు."

గ్రాఫు అబద్ధమాడలేదు. నాకు ఆ పై స్వరాలు అందవు, ఒప్పుకుంటాను. కానీ అంకెలన్నిటికీ ఒకే బరువు ఇస్తే మన సంగీతానికి అన్యాయం జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కచేరీ అంతా తంబురా మీద నిలబడుతుంది. మీటిన తీగ సన్నగిల్లుతూ సాగేటప్పుడు చిన్న ఊగిసలాట కూడా దాక్కోలేదు. కొత్త ఆంప్లిఫయరు వక్రీకరణ నూటికి 0.01 అని వాడు మురిసిపోయాడు. రికార్డు గాడిలో పుట్టే వక్రీకరణే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అది చెవికి ఇంపుగానే కలిసిపోతుంది. వణికే షడ్జమం కలవదు.

వణుకు ఎక్కడిదో వాడే వెతికాడు. రికార్డు కన్నం మధ్యలో లేకపోయినా శ్రుతి ఊగుతుంది. అయితే అది చుట్టుకొక్కసారి, 1.8 సెకన్లకు ఒకసారి. ఇది అంతకంటే చాలా వేగంగా కొట్టుకుంటోంది. పళ్లెం ఎత్తి రబ్బరు చక్రం మీద గోరు ఆనించి తిప్పాడు. ఒకచోట గోరు దిగింది. ఎవరో నా మీట తిప్పకుండా గోడ స్విచ్ ఆపేసి వెళ్లారు. చక్రం నెలల తరబడి మోటారు ఇరుసుకు నొక్కుకుపోయి సొట్ట పడింది.

"చక్రం అరిగింది కాదండి, నొక్కుకుపోయిందండి. మారిస్తే లేచి కూర్చుంటుందండి, ఆయ్," అన్నాడు మెకానిక్.

కొత్త చక్రం పడ్డాక మనవడు నా మీద వేగం చూసే అట్టబిళ్ల పెట్టాడు. దాని అంచున 180 నల్లగీతలు. ఎల్‌ఈడీ బల్బు కింద అవి అలికినట్టు కలిసిపోయాయి. చోకున్న పాత ట్యూబులైటు వెలిగించాడు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది సెకనుకు వందసార్లు మినుకుతుంది. గీతలు కదలకుండా నిలబడ్డాయి. అలా నిలబడితేనే వేగం సరిపోయినట్టు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఈ కొలత బాగుందిరా!"

చిట్టిబాబు రికార్డు వేశారు. తీగ సాగింది, నిలబడింది. మనవడు మళ్లీ మైకు పెట్టాడు. పదివేల పైన గీత ఎప్పటిలాగే కిందికి జారి ఉంది.

"మంచి కార్ట్రిజ్ వేస్తే ఇదీ లేస్తుంది తాతయ్యా."

"వెయ్యి, కాదన్నానా? రెండో పక్క తిప్పాక ఆ సంగతి చూద్దాం."