కార్బొరేటర్‌కు అన్నప్రాశన

గోదావరి జిల్లాలకు వచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపరని లోకమంతా చెప్పుకుంటుంది. ఆ మర్యాద ఈమధ్య కార్లకు కూడా అందింది. 2030 నాటికని పెట్టుకున్న లక్ష్యాన్ని ఐదేళ్ళు ముందుకు లాక్కొచ్చి, 2025లోనే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపేశారు. ఆ ఇథనాల్‌లో చెరకుంది, మొక్కజొన్నుంది, బియ్యమూ ఉంది. గోకవరం మండలం గుమ్మళ్ళదొడ్డిలో నూకల నుంచి, పాడైన ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ప్లాంటుకు 2022 నవంబరులో సాక్షాత్తూ ముఖ్యమంత్రే వచ్చి శంకుస్థాపన చేశారు. కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించింది ఇందుకే కాబోలు. 1852లో ఆయన పని ముగించేనాటికి లోకంలో కార్లు లేవు గనక, మనుషుల కోసం కట్టించానని పొరబడి ఉంటాడు.

ఏలినవారి ఔదార్యం అక్కడితో ఆగలేదు. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ఏడాదే, 2025 జనవరిలో, ఇథనాల్ కర్మాగారాలకు ఎఫ్‌సీఐ అమ్మే బియ్యం ధరను 2,800 నుంచి 2,250కి దించారు. వడ్లకన్నా బియ్యం చవక! ఆరబెట్టి, మరపట్టి, పొట్టు తీసి, తవుడు చెరిగినందుకు యాభై రూపాయలు ఎదురు తగ్గింపు. రేషన్ బియ్యానికి వచ్చిన ముసలమ్మకు వేలిముద్ర పడలేదని వెనక్కి పంపుతారు. పెట్రోలు ట్యాంకుకు వేళ్ళు లేవు కాబట్టి ఆ చిక్కు లేదు.

పెట్టినవాడి సంతోషం సరే, తిన్నవాడికి అరగాలి గదా. 1489 సీసీ పాత అంబాసిడరూ, 1089 సీసీ పద్మినీ కార్బొరేటర్ మీద బతికే బండ్లు. కార్బొరేటర్‌కు బుర్ర ఉండదు. నిజం చెప్పాలంటే అదే దాని గొప్పతనం కూడా. ఇంజను లాక్కునే గాలి సన్నటి గొంతులోంచి పోతూ, జెట్ అనే చిన్న రంధ్రంలోంచి పెట్రోలును తనతో తీసుకుపోతుంది. రంధ్రం ఎంతుంటే ఇంధనం అంత. కిలో శుద్ధ పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ ముక్క ఢిల్లీలో గెజెట్ చదివేవాళ్ళకు తెలుసు, రంధ్రానికి తెలియదు. అది పాత లెక్క ప్రకారమే పోస్తుంది. ఇంజను అరాకొరా తిని, వేడెక్కి, సరిగ్గా రావులపాలెం వంతెన ఎక్కేచోట దగ్గు మొదలుపెడుతుంది.

పైగా ఇథనాల్‌కు నీళ్ళంటే మహా ప్రేమ. కోనసీమ గాలిలో తేమకు కొదవా? రెండు నెలలు షెడ్డులో నిలబడిన బండి ట్యాంకు అడుగున తుప్పు, పాత రబ్బరు గొట్టాల్లో ఉబ్బు, పంపు డయాఫ్రంలో చిల్లు. ఇవన్నీ అపోహలని, ఎవరో పనిగట్టుకుని పుట్టిస్తున్నారని పెద్దలు సెలవిచ్చారు. కానీ ఈ10 లెక్కన సర్దిన పాత తరహా నాలుగు చక్రాల బండ్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం పడిపోతుందని రాసింది నీతి ఆయోగే, 2021 నాటి తన నివేదికలో. ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో దొరికేలా చూడండని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కనక ఏం పోస్తే అది తాగడమే మన బండి విధి.

మందు లేదా అంటే, భేషుగ్గా ఉంది. కార్బొరేటర్ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టడం. పొగగొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సరు కూర్చుని, మండగా ఎంత గాలి మిగిలిందో ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఆ ప్రకారం ఇంజెక్టర్‌ను ఒక వీసం ఎక్కువో తక్కువో తెరుస్తుంది. ఇవాళ ఈ20, రేపు ఇంకేదో కలిపినా, దాని అదుపులో ఉన్నంతమేర సర్దుకుపోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇదే ఉంది. మార్కెట్ యార్డుకు అరటి గెలలు మోసే బైకుకు ఉన్న తెలివి తాతగారి అంబాసిడర్‌కు పెట్టుకుంటామంటే మాత్రం లోకం తలకిందులైపోతుంది.

ముందుగా తలకిందులు చేసేది అమెరికా మేనల్లుడు. మావయ్య మీద ప్రేమకొద్దీ వస్తూ వస్తూ సూట్‌కేసులో హోలీ కంపెనీ స్నైపర్ ఇంజెక్షన్ కిట్ తెస్తాడు. అక్కడి ఎనిమిది సిలిండర్ల బండ్ల కోసం, 650 గుర్రాల బలం దాకా తట్టుకునేలా చేసిన వస్తువది. మావయ్యగారి బండికి కొత్తగా ఉన్నప్పుడే యాభై గుర్రాలు, అందులో సగం ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నాయి. కిట్ ఖరీదులో ఇంకో రెండు అంబాసిడర్లు వస్తాయి. అయినా గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ బానెట్ ఎత్తి చూపించాలి గదా. పెట్టె మాత్రం దివ్యంగా ఉంటుంది. లోపలి వస్తువు అంబాసిడర్ మానిఫోల్డు మీద కూర్చోదు.

అక్కడ మన లేతు మేస్త్రి రంగప్రవేశం చేస్తాడు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, రాజమండ్రిలోనో అల్యూమినియం దిమ్మ నుంచి బిళ్ళ తిప్పి, బోల్టు రంధ్రాలు సరిచేసి, సాయంత్రానికల్లా దాన్ని కూర్చోబెట్టి చూపిస్తాడు. పాత పంపు ఒత్తిడి బార్‌లో నాలుగో వంతు ఉంటే గొప్ప. ఇంజెక్షన్‌కు సుమారు మూడు బార్లు కావాలి. దానికి ఎలక్ట్రిక్ పంపూ, ట్యాంకుకు తిరుగు గొట్టమూ, మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు పోకుండా ట్యాంకులో అడ్డుపలకా. పాత డైనమో ఇంత భారం మోయలేదు, ఆల్టర్నేటర్ పెట్టాలి. పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియాలంటే క్రాంక్ కొసన ఒక పళ్ళ చక్రం, 60 పళ్ళకు కావాలనే రెండు ఊడగొట్టింది. ఇవేవీ మన చేతులకు కొత్త కాదు. వరికోత యంత్రానికి విరిగిన గేరును రాత్రికి రాత్రి తయారుచేసిన చేతులివి. కానీ అంతా బిగించాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అనే మాట ఒకటుంది: “రాజుగారండి, బిళ్ళ తిప్పానండి, గొట్టాలు అతికించానండి. ఆ కంప్యూటర్‌కి ఏం చెప్పాలో మాత్రం తమరే చెప్పాలండి, ఆయ్.”

కథంతా అక్కడే ఉంది. కంప్యూటర్ లోపల ఒక పట్టిక ఉంటుంది, ఒక పక్క ఇంజను వేగం, ఒక పక్క మానిఫోల్డు ఒత్తిడి. పదహారు వరసలు, పదహారు నిలువులు, మొత్తం 256 గళ్ళు. ఒక్కో గడిలో ఆ వేగానికి, ఆ ఒత్తిడికి ఎంత ఇంధనమో రాయాలి. ఆ లెక్క డైనమోమీటర్ మీద ఇంజనును నడిపి, కొలిచి, దిద్ది రాయాల్సినది. ఒకసారి ఒక 1489 సీసీ ఇంజనుకు నిజాయితీగా రాస్తే, దేశంలోని అలాంటి బండ్లన్నిటికీ చిన్న చిన్న సవరణలతో పనికొస్తుంది. అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు 2001లో మెగాస్క్విర్ట్ అనే కంట్రోలర్‌ను ఎవరికి వారే బిగించుకోగలిగేలా బయటపెట్టారు. ఆ తరవాత స్పీడుయినో అని, బడిపిల్లలు ఆడుకునే ఆర్డుయినో బోర్డు మీద నడిచేది వచ్చింది. మన జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు లోటు లేదు, ఒక్కో కాలేజీలో మెకానికల్ ల్యాబూ ఉంది, ల్యాబుకు తాళమూ ఉంది. ఫైనలియర్ కుర్రాళ్ళు ఏటా ‘ఇంజెక్షన్ వ్యవస్థ రూపకల్పన’ అనే ప్రాజెక్టు సమర్పిస్తూనే ఉంటారు. అమీర్‌పేటలో కొన్నది, అట్ట బంగారు అక్షరాలతో ఉంటుంది. తనిఖీకి వచ్చినాయన అట్ట తడిమి మార్కులేస్తాడు.

సరే, ఏ మొండివాడో ఈ గళ్ళన్నీ నింపి బండి చక్కగా నడిపించాడనుకుందాం. అప్పుడు చట్టం నిద్ర లేస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే ఇంకా గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని తీరులో మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు అయిదు వేల చొప్పున జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్‌కు దారి ఉంది. బ్యాటరీకి దారి ఉంది. పెట్రోలు బండి పెట్రోలు మీదే ఇంకాస్త శుభ్రంగా నడవాలంటే మాత్రం ఏ ఫారం నింపాలో ఎవరూ చెప్పరు. ఆర్‌సీలో కార్బొరేటర్‌కు గడే లేదు, అది మార్పు కిందికి వస్తుందో రాదో దారిలో చెయ్యెత్తి ఆపినాయన ఆ పూట ఎలా తలిస్తే అలా.

పోనీ బండిని వింటేజ్ కింద రాయించుకుందామా? 2021 జులైలో దానికీ నియమాలొచ్చాయి. యాభై ఏళ్ళు దాటాలి, మూలరూపం చెడకూడదు, ఇరవై వేలు కట్టాలి. అప్పుడు ‘వీఏ’ అక్షరాల ప్లేటు ఇస్తారు. ఇచ్చాక రోజువారీ పనులకు రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో వెళ్ళవచ్చు, పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళవచ్చు. అంటే ఈ20 తాగడానికి వెళ్ళిరమ్మంటుంది చట్టం, తాగిన కడుపుకు మందు వేయించుకుంటే మూలరూపం చెడిందంటుంది! వింటేజ్ వద్దనుకుంటే, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగింపుకు పదివేలు.

ఇంత పవిత్రమైన చట్టం ఉన్న నేల మీదే ఒకప్పుడు మారుతి వ్యాన్ల డిక్కీలో వంటగ్యాస్ సిలిండర్లు పడుకుని, వాటి మీద పిల్లలు కూర్చుని బడికి వెళ్ళేవారు. అంబాసిడర్ల పొట్టలో మటడార్ డీజిల్ ఇంజన్లు దూర్చి పెళ్ళివారిని అన్నవరం కొండెక్కించిన రోజులున్నాయి. ఆ బండ్లకు అడ్డం పడని చట్టానికి ఒక సెన్సరూ రెండు తీగలూ ప్రాణాంతకంగా కనిపిస్తున్నాయి.

ఇక ‘ఒరిజినల్’ భక్తులున్నారు. కార్బొరేటర్ తీస్తే కారు ఆత్మ పోతుందంటారు. హిందుస్థాన్ మోటార్స్ వారే చివరి కాలంలో ఇసుజు 1.8 ఇంజనుకు ఇంజెక్షన్ పెట్టి అదే అంబాసిడర్‌ను అమ్మారు. మరి ఆత్మను ఉత్తరపారా ఫ్యాక్టరీ గేటు దగ్గరే దింపేసి పంపారేమో. ఈ భక్తులకు అండగా ఒక్క చరిత్ర మాత్రం ఉంది. 1958 మోడల్ క్రిస్లర్ కార్లు కొన్నిటికి బెండిక్స్ వారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెడితే అది మొరాయించి, చాలావాటికి మళ్ళీ కార్బొరేటర్లే బిగించారు. మనవాళ్ళూ తక్కువేం కాదు, ఇంజెక్షన్‌తో వచ్చిన బుల్లెట్‌ను విప్పించి కార్బొరేటర్ పెట్టించుకునే శూరులున్నారు, శబ్దం కోసం. బెండిక్స్ పేటెంట్లు కొనుక్కున్న బాష్ 1967కల్లా ఫోక్స్‌వ్యాగన్‌లో దాన్ని సవ్యంగా నడిపించిన సంగతి మాత్రం ఈ చరిత్రకారులు చెప్పరు.

రవాణా శాఖ పెద్దలకు ఒక మనవి. సీఎన్‌జీ కిట్‌కు రాసిన నియమాల పక్కనే పాత పెట్రోలు ఇంజన్ల ఇంజెక్షన్ కిట్‌కూ ఒక నియమం రాయండి. పుణెలో ఏఆర్ఏఐ ఉంది, పరీక్షించి ముద్ర వెయ్యమనండి, ఫీజు మేమే కడతాం. బిళ్ళ తిప్పడానికి మేస్త్రులు సిద్ధంగా ఉన్నారు, 256 గళ్ళు నింపడానికి కుర్రాళ్ళున్నారు, కాలేజీ ల్యాబుల తాళాలు తీయించే పని మీది. అంతవరకు జిల్లాకు ఒక్క బంకులోనైనా ఇథనాల్ కలపని పెట్రోలుకు మామూలు ధరలో ఒక గొట్టం వదలండి.