చట్టం ఉచితం, కొలతలు అదనం

చట్టం తెలియదంటే కోర్టు ఒప్పుకోదు. పోనీ తెలుసుకుంటానంటే పుస్తకాల కౌంటరు ఒప్పుకోదు, ముందు బిల్లు కట్టమంటుంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న జీవికే పౌరుడని పేరు.

వరంగల్‌లో ఈ సంగతి బోధపడాలంటే లా కాలేజీకి పోనక్కర్లేదు, స్కూటర్ మీద నాలుగు వీధులు తిరిగితే నడుమే చెబుతుంది. మొన్న మా కాలనీలో కొత్త స్పీడ్ బ్రేకర్ పోస్తున్నారు. తట్టల్లో కాంక్రీటు ఉంది, పార ఉంది, మేస్త్రి ఉన్నాడు, చుట్టూ సలహాలిచ్చే పెద్దమనుషులకూ కొదవ లేదు. టేపు ఒక్కటే లేదు.

"ఎంత ఎత్తు పెడుతున్నవ్ మేస్త్రీ?"

"బండి ఆగాలె గద సారూ. ఆగేటంత."

"దానికో లెక్క ఉంటది గదా?"

"లెక్కనా? పోయినసారి పోసిన దానికి ఒక్కడు ఆగలే. గందుకే ఇంకో రెండు తట్టలు ఎక్కువ కలిపిన."

లెక్క నిజంగానే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు ఐఆర్‌సీ-99 అనే పుస్తకంలో 1988లోనే చెప్పేశారు. మామూలు వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలంటే స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని, 17 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరగాలని అప్పుడు రాశారు. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలన్నారు. అంటే నాలుగంగుళాల ఎత్తుకు పన్నెండడుగుల వెడల్పన్నమాట. మా కాలనీది జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. హెచ్చరిక బోర్డు లేదు కానీ, ముందు పోయినవాడి అరుపు వెనక వచ్చేవాడికి ఆ లోటు తీరుస్తోంది.

ఈ రోడ్స్ కాంగ్రెస్ ప్రభుత్వ శాఖ కాదు. 1934లో పుట్టిన రోడ్డు ఇంజనీర్ల సంఘం, తరవాత సొసైటీగా రిజిస్టరైంది. అది రాసిన నంబర్లు టెండర్లలోకి, అక్కణ్నుంచి రోడ్ల మీదికి వస్తాయి. మోటారు వాహనాల చట్టంలో 2019లో 198-ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు కట్టినవాళ్లు నిర్దేశించిన ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, అవిటివాళ్లయినా లక్ష రూపాయల దాకా జరిమానా. బాగుంది. ప్రమాణం తప్పిందని పడ్డవాడికి ఎలా తెలియాలి? పుస్తకం కొనుక్కోవాలి. ధర వేరు, ప్యాకింగు, పోస్టేజీ వేరు. లోపలి పేజీలో ప్రచురణ హక్కులే కాదు, అనువాద హక్కులూ తమవేనని రాసి ఉంటుంది. మా మేస్త్రికి ఆ పుస్తకాన్ని తెలుగులో అచ్చేసి ఇవ్వాలంటే ముందు ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలి. అంకెలకు కాపీరైటు లేదు గనక పైన నాలుగు అంకెలు రాసి ఈ కాలమిస్టు బతికిపోయాడు. పక్కన వాళ్ల బొమ్మ కూడా అచ్చేసి ఉంటే, ఈ వారం కాలమ్‌కు బదులు నోటీసుకు జవాబు రాసుకుంటూ ఉండేవాడు.

కాపీరైటు చట్టాన్ని తప్పు పట్టడానికి లేదు. 1957 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం గెజెట్‌లో అచ్చయినదాన్ని ఎవరైనా మళ్లీ అచ్చేసుకోవచ్చు. కిటుకంతా గెజెట్‌లో ఏం అచ్చు వేస్తారన్న దాంట్లో ఉంది. 'ఫలానా నంబరు ప్రమాణం పాటించాలి' అని మాత్రమే వేస్తారు. నంబరు ఉచితం, నంబరు లోపలి సరుక్కి రేటు. శుభలేఖ ఊరంతా పంచి, మండపం ఎక్కడో తెలియాలంటే కౌంటర్లో డబ్బు కట్టమన్నట్టు.

ఇళ్ల సంగతీ ఇంతే. మన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 వచ్చింది 2012లో. ఎత్తయిన భవనాలకు ఎత్తు, సెట్‌బ్యాకులు మినహా మిగతావన్నీ నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉండాలంది. అగ్నిప్రమాదాల జాగ్రత్తలకు ఆ కోడ్ నాలుగో భాగం చూసుకోమంది. జీవో ఎవరైనా చదువుకోవచ్చు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ఆ కోడ్ ధర మాత్రం అప్పట్లో 13,760 రూపాయలు. హనుమకొండలో ఓ అపార్ట్‌మెంట్ వాసికి తమ మెట్ల వెడల్పు చాలినంత ఉందా అని అనుమానం వస్తే, అది తీర్చుకునే ఖరీదు అంత. నిప్పంటుకుంటే పరుగెత్తడం ఉచితమే.

ఈ విడ్డూరాన్ని ముందుగా పట్టుకున్నది మనవాళ్లు కాదు. కాలిఫోర్నియా మనిషి కార్ల్ మలమూద్. గాంధీ భక్తుడు. దాదాపు 19 వేల భారతీయ ప్రమాణాలను ఇంటర్నెట్‌లో పెట్టేసి, దాన్ని సత్యాగ్రహం అన్నాడు. బీఐఎస్‌కు కోపమొచ్చింది. 2015లో ఢిల్లీ హైకోర్టులో ఆయన సంస్థతో పాటు తీర్పుల వెబ్‌సైటు ఇండియన్ కానూన్ నడిపే సుశాంత్ సిన్హా, మన హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఉప్పు మీద పన్నేసిన తెల్లదొరను మనం తరిమాం. కొలతల మీద రేటేసిన మన దొరల్ని అడగడానికి ఒక తెల్లాయన రావాల్సొచ్చింది.

నిజానికి సుప్రీంకోర్టు ఈ పాఠం 1951లోనే చెప్పింది. జైపూర్ సంస్థానంలో ఎవరికీ తెలియకుండా పుట్టిన నల్లమందు చట్టం కింద హర్లా అనే ఆయనకు యాభై రూపాయల జరిమానా పడింది. జనానికి తెలియజేయని చట్టం చెల్లదని కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు నుంచి మనవాళ్లు నేర్చుకున్నదేమిటంటే, చట్టాన్ని దాచకూడదు, అమ్మాలి.

ఢిల్లీలో వాయిదాలు నడుస్తుండగానే బీఐఎస్ మనసు మార్చుకుంది. ఇప్పుడు పేరు నమోదు చేసుకుంటే సొంతంగా తయారు చేసిన ప్రమాణాలను ఉచితంగా దించుకోవచ్చు. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే దించుకున్నవాడి పేరు కాపీ మీదే అచ్చవుతుంది. 2016 నాటి బీఐఎస్ చట్టం ప్రకారం మీ కోసం కాపీ తీసుకోవచ్చు గానీ, అనుమతి లేకుండా ప్రచురించకూడదు. అంటే మెట్ల వెడల్పు మీరు తెలుసుకోవచ్చు, ఆ పేజీ నోటీసు బోర్డుకు అంటించాలంటే మాత్రం లాయర్ని అడగాలి.

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. పిల్లల బొమ్మల భద్రతా ప్రమాణాలు చూపించమని మలమూద్ సంస్థ యూరప్‌లో కేసు వేస్తే, 2024 మార్చి 5న అక్కడి అత్యున్నత న్యాయస్థానం చూపించాల్సిందే అంది. చట్టంలో భాగమైన ప్రమాణాన్ని జనం కళ్లకు అందకుండా ఉంచడం కుదరదంది.

'ప్రమాణాలు రాయడానికి ఖర్చవుతుంది కదా' అంటారు. అవుతుంది. కానీ ఆ కమిటీల్లో కూర్చునేవాళ్లు చాలావరకు సర్కారు ఇంజనీర్లు, ఐఐటీ, ఎన్‌ఐటీ ప్రొఫెసర్లు. వాళ్ల జీతాలు మన పన్నుల్లోంచే పోతాయి. రాయించడానికి ఒకసారి, చదవడానికి ఇంకోసారి కడుతున్నాం. పైగా ఈ తాళం ఆపేది ఎవర్ని? కాంట్రాక్టరు ఆఫీసులో పుస్తకం ఉంటుంది, అధికారి బీరువాలోనూ ఉంటుంది. లేనిదల్లా కొలిచి అడుగుదామనుకున్నవాడి దగ్గరే. తప్పు చేసేవాడికి అడ్డం కాని తాళం, తప్పు పట్టేవాడికి మాత్రం భలే పడింది.

ఓరుగల్లులో కూర్చుని మాట్లాడుతున్నాం గనక మన రాజుగారి పద్ధతీ చూద్దాం. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఓడ సరుకు మీద సుంకం ముప్పయ్యో వంతు మాత్రమే. గంధానికి ఎంత, కర్పూరానికి ఎంత, పన్నీరుకు ఎంత, దంతానికి ఎంత, అంతా వివరంగా. అదీ ఓరుగల్లు కోటలో కాదు, సుంకం కట్టేవాడు ఓడ దిగే చోట, రాతి మీద. ఎక్కువ అడిగిన సుంకరికి వర్తకుడు ఆ రాయి చూపిస్తే సరి. చదవడానికి రుసుము పెట్టాలని కాకతీయులకు తట్టలేదు, అందుకే కాబోలు ఖజానా నింపుకోవడానికి వాళ్లు చెరువులు తవ్వుకున్నారు.

మనకూ రాళ్లకేం తక్కువ లేదు. ప్రతి రోడ్డు మొదట్లో నల్లరాతి శిలాఫలకం ఉంటుంది. ముఖ్య అతిథి, సభాధ్యక్షులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు. రోడ్డు మందం ఎంతో, వెడల్పు ఎంతో, ఏ ప్రమాణం ప్రకారం వేశారో మాత్రం ఉండదు. ఆ పేర్లలో ఆఖరిది ఒకటి తీసేస్తే ఆ మూడు అంకెలకూ చోటు దొరుకుతుంది. రోడ్స్ కాంగ్రెస్‌ను ఎలాగోలా ఒప్పించవచ్చు. ఆ ఆఖరి పేరాయన మాత్రం ఒప్పుకోడు.