రంగం వెళ్ళొచ్చిన మనవడు

మా రోజుల్లో రంగం నుంచి ఎవరైనా వచ్చారంటే ఊళ్ళో పొలం పనులు రెండు రోజులు సగమే సాగేవి. రంగం అంటే బర్మాలోని రంగూన్. మా శ్రీకాకుళం తీరంలో అలాగే అంటాం.

మా నాన్న విశాఖలో ఓడ దిగి, రైల్లో పలాస చేరి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద వచ్చేవాడు. బండి చెరువుగట్టు ఎక్కకముందే కబురు ఇంటికి చేరేది. ఆయన కాళ్ళు కడుక్కునేలోపు అరుగు నిండిపోయేది. వాళ్ళడిగేది ఆయన క్షేమం కాదు, అక్కడున్న తమవాళ్ళ క్షేమం. “మావోడు మిల్లులోనే ఉన్నాడా, రేవుకి మారాడా? డబ్బు పంపడం లేదేం?” ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేవాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టినవాడి సంగతి మటుకు మింగేసేవాడు.

కరోనాకి ముందటి ఏడు మా మనవడు హైదరాబాదులో ఉద్యోగానికి సెలవు పెట్టి, మూలాలు వెతుక్కుంటానని ఆ ఊరే వెళ్ళాడు. ఇప్పుడు యాంగోన్ అనాలట. ఒంటరిగా వెళ్ళానని గొప్పగా చెబుతాడు. మా రోజుల్లో ఒంటరిగా రంగం పోయాడంటే అప్పులైనా ఉండాలి, తగువైనా ఉండాలి. మిగతావాళ్ళంతా మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకుని, పదిమందీ కలిసి ఓడ డెక్కు మీద పడుకుని పోయినవాళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన దేశంవాళ్ళే. కోరంగి రేవు పేరుతో తెలుగువాళ్ళని కోరంగీలనేవారు, అదీ ముద్దుగా కాదు. 1930లో రేవు పనుల దగ్గర గొడవలు రేగి మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. ఇవన్నీ బయల్దేరేముందు నా దగ్గర కూర్చుని వినొచ్చు కదా! “నెట్‌లో చదివాను తాతా” అన్నాడు.

పోనీ, వచ్చాకైనా? అర్ధరాత్రి క్యాబులో దిగి, మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. ఎదురింటివాళ్ళు కూడా ‘ఎలా జరిగింది ప్రయాణం’ అనలేదు. ఎందుకంటారు? ష్వెడగాన్ పగోడా దగ్గర్నుంచి పొద్దున తిన్న మొహింగా గిన్నె దాకా అన్నీ వాడికంటే ముందే వాళ్ళ ఫోన్లకి చేరిపోయాయి. మా నాన్న రంగం నుంచి తనఖా అనే చెక్క తెచ్చేవాడు. మా అమ్మ రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళేసి అరగదీసి, పసుపుపచ్చటి గంధం మా చెంపలకి రాసేది. వీడు ప్లాస్టిక్ డబ్బాలో పొడి తెచ్చాడు.

ఒక్కటి మెచ్చుకోవాలి. ఫ్రేజర్ స్ట్రీట్‌ని అనోరథా రోడ్డుగా మార్చేసినా మా నాన్న కొట్టున్న చోటు పట్టుకున్నాడు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారట. 1964 మార్చిలో బర్మాలో నేవిన్ ప్రభుత్వం కొట్లు జాతీయం చేసింది. మేలో యాభై, వంద నోట్లు చెల్లవంది. మా నాన్న ఆఖరుసారి వచ్చింది ఆ ఏడే. బండి లేదు, ట్రంకుపెట్టె లేదు, దుప్పటి మూటతో నడిచొచ్చాడు. అప్పుడూ అరుగు నిండింది గానీ, ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంతకీ నా ఒళ్ళు మండించింది వేరే సంగతి. యాంగోన్‌లో ఒక ముసలమ్మ వీడితో తెలుగు మాట్లాడిందట. చిన్న వీడియో చూపించాడు. చెంపలకి తనఖా రాసుకుని, “ఏటి బావూ, అన్నం తిన్నావేటి?” అంటోంది. అచ్చం మా ఊరి యాస. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఆవిడ ఇంటిపేరేమిట్రా?”

“అడగలేదు తాతా.”

“ఏ ఊరట?”

“శ్రీకాకుళం సైడ్ అనుకుంటా.”

మూలాల కోసం సముద్రం దాటినవాడు ఇంటిపేరడక్కుండా తిరిగొచ్చాడు! మేమైతే రైల్లో పక్కన కూర్చున్నవాడితో రెండు స్టేషన్లు దాటేలోగా ఏదో వరస కలిపేసి ‘బావా’ అనేవాళ్ళం. కనీసం ఫోన్ నంబరైనా తీసుకున్నావా అంటే, తీసుకున్నాడట.

“చెయ్యి మరి.”

“మెసేజ్ పెడతాలే తాతా.”

“మెసేజ్ ఏంట్రా, నాకివ్వు, నేను మాట్లాడతా.”

అక్కడిప్పుడు టైమెంతో చూడాలని ఫోన్ నొక్కుతూ కూర్చున్నాడు. మనకంటే గంట ముందు. ఆ మాత్రం నన్నడిగితే చెప్పనూ!